యజమానులకు ఒక్కటే ఇల్లు, మనకెన్ని గుమ్మాలు?

ఢిల్లీలో రఫీ మార్గ్ మీద ఒక భవనం ఉంది. ఐఎన్ఎస్ బిల్డింగ్ అంటారు. పార్లమెంటుకు కూతవేటు దూరం. ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ ఇల్లు అది. ఆ సొసైటీ 1939లో పుట్టింది. అందులో సభ్యులు రిపోర్టర్లు కాదు, సబ్ ఎడిటర్లు కాదు, పత్రికల యజమానులు. బెంగాల్ వాళ్లున్నారు, తమిళనాడు వాళ్లున్నారు, హిందీ పత్రికల వాళ్లున్నారు, మన తెలుగు పత్రికల వాళ్లూ ఉన్నారు. బయట వీళ్లు ఒకరి ఏజెంటును ఒకరు ఎత్తుకపోతారు. ఒకరి సర్క్యులేషన్ అంకెలను ఒకరు బోగస్ అంటారు. ఒకరు ఒక పార్టీకి కొమ్ముకాస్తే ఇంకొకరు ఇంకో పార్టీ జెండా మోస్తారు. రఫీ మార్గ్ మెట్లు ఎక్కినంక మాత్రం అందరిదీ ఒకటే బల్ల, ఒకటే మాట.

ఆ ఒకటే మాటకు విలువ ఎంతో చూడండి. 2019 జూలై బడ్జెట్‌లో కేంద్రం దిగుమతి న్యూస్‌ప్రింట్ మీద 10 శాతం కస్టమ్స్ సుంకం వేసింది. యజమానుల సొసైటీ వెంటబడింది. ఏడు నెలలు తిరగకముందే, 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆ సుంకం 5 శాతానికి దిగింది.

అదే 2020 సంవత్సరం. సెప్టెంబరు 22న లోక్‌సభలో, 23న రాజ్యసభలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ పాసైంది. ప్రతిపక్షం సభను బహిష్కరించిన రోజు అది. ఆ కోడ్ 13 చట్టాలను ఒక్క గుటకలో మింగింది. అందులో మన వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ఒకటి. 1955లో వచ్చిన చట్టం. 65 ఏండ్ల చట్టం రెండు రోజుల్లో పోయింది. 2025 నవంబరు 21 నుంచి కోడ్ అమల్లోకి కూడా వచ్చింది. యజమానులకు సుంకం సగం తగ్గిన ఏడాదే, వాళ్ల దగ్గర పనిచేసేటోళ్లకు చట్టం మొత్తానికి మొత్తం పోయింది. ఇది యాదృచ్ఛికం అని ఎవరైనా అంటే నమ్మడానికి నేను సిద్ధంగా లేను.

మరి మన వాళ్లు ఏం చేశారు? ప్రకటనలు ఇచ్చారు. వినతిపత్రాలు రాశారు. ఎవరి లెటర్‌హెడ్ మీద వాళ్లు. లోకమంతటి సమ్మెల గురించి రాసే జర్నలిస్టులు, తమ చట్టం పోయిన రోజు దేశంలో ఒక్క పత్రిక కూడా ఆగకుండా అచ్చేసి ఇచ్చారు. ఆ వార్త కూడా చాలా పత్రికల్లో లోపలి పేజీల్లోనే పండుకుంది.

"జాతీయ సంఘంతోటి మనకేం పని? మన లొల్లి మనం ఇక్కడ చూసుకుంటం" అనే మిత్రులకు ముందు ఆ చట్టం ఎట్లా వచ్చిందో చెప్పాలి. ఎందుకంటే అది ఏ రాష్ట్ర రాజధానిలోనూ పుట్టలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో జర్నలిస్టుకు ఉద్యోగి అనే గుర్తింపు కూడా సరిగ్గా లేదు. పారిశ్రామిక వివాదాల చట్టం కింద అతను కార్మికుడు కాదు. యజమాని రేపటి నుంచి రావద్దంటే రావద్దు, అంతే. జీతం ఎంత అని అడిగితే నువ్వు దేశసేవ చేస్తున్నావు కదా అనేవాళ్లు. నగరాల్లో విడివిడిగా జర్నలిస్టుల సంఘాలు అప్పటికే ఉన్నాయి. వాటి బలం ఆ నగరం వరకే. 1950లో ఆ సంఘాలన్నీ ఢిల్లీలో కలిసి ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ వర్కింగ్ జర్నలిస్ట్స్ అనే ఒక్క గొడుగు పట్టాయి. దాని మొదటి అధ్యక్షుడు ఎవరో తెలుసా? మన తెలుగువాడు, నేషనల్ హెరాల్డ్ సంపాదకుడు మానికొండ చలపతిరావు. ఎం.సి. అనేవాళ్లు ఆయనను.

ఇక వరస చూడండి. 1950లో ఫెడరేషన్. 1952లో జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన మొదటి ప్రెస్ కమిషన్. ఆ కమిషన్‌లో సభ్యుడిగా చలపతిరావు. 1954లో కమిషన్ నివేదిక, అందులో జర్నలిస్టుల సర్వీసు నిబంధనలకు చట్టం కావాలని సిఫారసు. 1955లో చట్టం. గొడుగు పట్టిన నాటి నుంచి చట్టం చేతికొచ్చే దాకా అయిదేండ్లు. ఏ నగర సంఘమైనా యాభై ఏండ్లు ధర్నా చేసినా ఇది సాధించేది కాదు. కమిషన్ వేసేది కేంద్రం, చట్టం చేసేది పార్లమెంటు. ఆ రెండు చోట్లా కూర్చునే అర్హత దేశం మొత్తానికి మాట్లాడే సంఘానికే వస్తుంది.

ఆ చట్టంలో ఏముందో ఇవాళ జర్నలిజం కోర్సు చదివే విద్యార్థులకు కూడా చెప్పేవాళ్లు లేరు, కాబట్టి రెండు మాటలు. నాలుగు వారాలకు 144 గంటలకు మించి పని చేయించరాదు. తీసేయాలంటే ఎడిటర్‌కు ఆరు నెలల నోటీసు, మిగతా జర్నలిస్టుకు మూడు నెలల నోటీసు. పనిచేసిన కాలంలో పదకొండో వంతు పూర్తి జీతంతో సెలవు. గ్రాట్యుటీ. అన్నిటికీ మించి వేజ్ బోర్డు. యజమానుల ప్రతినిధులు ఎంతమందో జర్నలిస్టుల ప్రతినిధులూ అంతమందే కూర్చుని, మధ్యలో జడ్జి ఉండి, దేశం మొత్తానికి జీతాలు తేల్చే బోర్డు. జర్నలిస్టు తన యజమాని ఎదురుగా ఒంటరిగా నిలబడి జీతం అడుక్కోవాల్సిన అవసరం లేకుండా చేసిన ఏర్పాటు అది. కొత్త కోడ్‌లో వర్కింగ్ జర్నలిస్టు అనే నిర్వచనం ఉంది, దాన్ని ఎలక్ట్రానిక్ మీడియా దాకా సాగదీశారు కూడా. బాగానే ఉంది. కానీ వేజ్ బోర్డు లేదు. ఇల్లు పెద్దది చేసి పొయ్యి పీకేసినట్లు.

యజమానులు ఆ వేజ్ బోర్డును పుట్టిననాటి నుంచే కోర్టుకు ఈడ్చారు. 1956లో వేసిన దివాటియా బోర్డు నిర్ణయాన్ని 1958 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. చట్టం చెల్లుతుంది కానీ పత్రికలకు ఇచ్చే శక్తి ఉందో లేదో బోర్డు చూడలేదు అన్నది. ఒంటరి సంఘమైతే అక్కడితో కథ ముగిసేది. దేశవ్యాప్త ఫెడరేషన్ ఉంది కాబట్టి ముగియలేదు. అదే 1958లో జీతాల ఖరారు కోసం ప్రత్యేకంగా ఇంకో చట్టం తేవాల్సి వచ్చింది. ఆ తర్వాత షిండే, పాలేకర్, బచావత్, మణిసానా, మజీతియా. పేరు పేరునా ఒక్కో తరం జీతం.

మజీతియా సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే జాతీయ సంఘం ఏం చేయగలదో, ఏం చేయలేదో రెండూ అందులోనే ఉన్నాయి. 2007లో బోర్డు వేశారు. 2010 డిసెంబరు 31న నివేదిక ఇచ్చింది. కేంద్రం నోటిఫై చేసే సరికి 2011 నవంబరు 11. ఆ మధ్య కాలంలోనే పెద్ద పెద్ద పత్రికా సంస్థలు సుప్రీంకోర్టుకు పోయాయి. చట్టమే చెల్లదన్నాయి. దేశంలో పేరున్న లాయర్లంతా ఆ పక్కన నిలబడ్డారు. ఈ పక్కన జర్నలిస్టుల, పత్రికా ఉద్యోగుల జాతీయ ఫెడరేషన్లు నిలబడ్డాయి. 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు: చట్టం చెల్లుతుంది, బోర్డు చెల్లుతుంది, 2011 నవంబరు 11 నుంచి లెక్కగట్టి బకాయిలు నాలుగు వాయిదాల్లో ఏడాదిలోగా ఇయ్యాలి. మన జిల్లా సంఘం ఒక్కటే సుప్రీంకోర్టులో ఆ కేసు నడపగలిగేదా? వకీలు ఫీజు కాదు కదా, ఢిల్లీ రైలు టికెట్ల పైసలే పుట్టేవి కావు.

ఇదంతా జాతీయ సంఘం చేయగలిగిన పని. చేయలేనిది తర్వాత బయటపడింది.

మజీతియా సిఫారసుల్లో 20-జె అని ఒక చిన్న క్లాజు ఉంది. ఇప్పుడున్న జీతమే నాకు చాలు అని ఎవరైనా మూడు వారాల్లో రాసిస్తే వాళ్లను పాత జీతంలోనే ఉంచొచ్చని దాని అర్థం. ఎక్కువ జీతం వస్తున్నవాడికోసం పెట్టిన వెసులుబాటు. యజమానులు దాన్ని ఉరితాడు చేశారు. నేను చూసిన ఒక డెస్కులో రాత్రి ఎడిషన్ పని మధ్యలో మేనేజ్‌మెంట్ మనిషి కాగితాల కట్ట పట్టుకొని వచ్చాడు. ముందే టైపు చేసిన ఒకటే కాగితం, పేరు రాసే చోట మాత్రం ఖాళీ. ఒక్కొక్కరిని గదిలోకి పిలిచాడు. నాకు మజీతియా జీతం అక్కరలేదు అని ఒక్కొక్కరు సంతకం పెట్టి బయటకొచ్చారు. అవతలివాడు ఏం పెట్టాడో ఇవతలివాడు అడగలేదు. జీతం పెరగడం నాకు ఇష్టం లేదని మనిషి ఇష్టపూర్వకంగా రాసిస్తాడా? ఆ గది బయట సంఘం మనిషి ఒక్కడు నిలబడి, ఎవరూ సంతకం పెట్టొద్దు, ఆ కాగితం చెల్లదు అని చెప్పి ఉంటే చాలు. ఒక్కడూ లేడు.

ఆ కాగితం నిజంగానే చెల్లదు. 2017 జూన్ 19న సుప్రీంకోర్టు చెప్పింది. వేజ్ బోర్డు జీతం కంటే తక్కువకు ఒప్పుకున్నట్లు రాయించుకున్నా అది హక్కును చంపదు, కాంట్రాక్టు ఉద్యోగులకూ మజీతియా వర్తిస్తుంది అన్నది. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది. యజమానుల మీద కోర్టు ధిక్కారం కింద చర్య లేదు, రావాల్సిన బకాయిల కోసం 17వ సెక్షన్ కింద లేబర్ అధికారుల దగ్గరికి, లేబర్ కోర్టుకు పొండి. అంటే ఏమైంది? ఢిల్లీలో గెలిచిన యుద్ధాన్ని లేబర్ ఆఫీసు మెట్ల మీద, ఒక్కొక్క మనిషి పేరు మీద మళ్లీ గెలవాలి. అది జాతీయ సంఘం పని కాదు. మన పని. దేశమంతటా ఆ మెట్లెక్కినవాళ్లు కొద్దిమందే. ఎక్కినవాళ్లలో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు, దూర బదిలీల పాలైనవాళ్లు ఉన్నారు.

కాబట్టి జాతీయ సంఘంలో చేరితే ఏమొస్తుంది అనే ప్రశ్నకు జవాబు ఉత్తుత్తి నినాదం కాదు. కొట్లాట రెండు అంచెల్లో నడుస్తుంది. చట్టం, కోర్టు, వేజ్ బోర్డు అక్కడ. అమలు, సాక్ష్యం, మనిషికి తోడు ఇక్కడ. ఒక అంచె లేకుంటే రెండోది ఉత్త కాగితమే.

గొడుగు ఒక్కటిగా ఉన్నప్పుడు చట్టం తెచ్చుకున్నవాళ్లం, గొడుగును ముక్కలు చేసుకుని పోగొట్టుకున్నాం. 1972లో నేషనల్ యూనియన్ ఆఫ్ జర్నలిస్ట్స్ వేరుపడింది. తర్వాత పాత ఫెడరేషన్ మళ్లీ చీలి ఇండియన్ జర్నలిస్ట్స్ యూనియన్ వచ్చింది. పత్రికల్లోని మిగతా ఉద్యోగులకు వేరే ఫెడరేషన్. చీలికలకు అప్పట్లో రాజకీయ కారణాలు ఉన్నాయి, వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ కారణాలు ఇవాళ్టి ఇరవై అయిదేండ్ల రిపోర్టర్‌కు ఎవరన్నా చెబితే వాడు నవ్వుతాడు. ప్రెస్ కౌన్సిల్‌నే తీసుకోండి. 1978 చట్టం ప్రకారం ఛైర్మన్ కాక 28 మంది సభ్యులు. అందులో 13 మంది వర్కింగ్ జర్నలిస్టులు, ఎడిటర్లతో కలిపి. ఆ పేర్లు పంపేది గుర్తింపు పొందిన సంఘాలే. దాదాపు సగం కుర్చీలు మనవి. కానీ మన సంఘాలు ఒకదాని మీద ఒకటి ఆక్షేపణలు పెట్టుకుంటూ ఉంటే కుర్చీల సంఖ్యకు ఏం విలువ?

పక్కనున్న డాక్టర్లను చూసి సిగ్గుపడాలి. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 1928 నుంచి ఒకటే. కరీంనగర్‌లో క్లినిక్ నడిపే డాక్టరు అక్కడి బ్రాంచిలో సభ్యుడైతే చాలు, ఢిల్లీ సంఘంలోనూ సభ్యుడే. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదటి రోజుల్లో డాక్టర్ల మీద దాడులు జరిగాయి. ఏప్రిల్ 22 రాత్రి దేశమంతటా కొవ్వొత్తులు వెలిగిస్తాం, 23న బ్లాక్ డే అని ఐఎంఏ పిలుపిచ్చింది. 22 పొద్దున కేంద్ర హోంమంత్రి వీడియోలో ఆ సంఘం నాయకులతో మాట్లాడాడు. నిరసన వాపసు తీసుకున్నారు. అదే రోజు కేంద్ర మంత్రివర్గం ఆర్డినెన్సు తెచ్చింది: వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే అయిదేండ్ల దాకా జైలు, తీవ్రంగా గాయపరిస్తే ఏడేండ్ల దాకా. కొవ్వొత్తి వెలగకముందే చట్టం వచ్చింది. అదే సెప్టెంబరు నెలలో పార్లమెంటు దాన్ని పక్కా చట్టం చేసింది. ఏ నెలలో? మన చట్టం పోయిన నెలలో. అది అంటువ్యాధుల కాలానికే పనికొచ్చే చట్టమని, మామూలు రోజులకు కేంద్ర చట్టం ఇంకా లేదని డాక్టర్లే చెబుతున్నారు, నిజమే. కానీ ఒక్క పిలుపుకు ఒక్క పూటలో కదిలిందా లేదా?

ఇక్కడ మన ఉద్యోగ మిత్రులకు కూడా ఒక మాట. సీపీఎస్ మీద మీరు ఏండ్లుగా కొట్లాడుతున్నారు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన ప్రతి ఉద్యోగికీ ఆ నొప్పి తెలుసు. రాష్ట్ర ప్రభుత్వాన్ని ఒప్పిస్తే చాలనుకున్నారు కదా! రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాల్లో ప్రభుత్వాలు పాత పింఛను ఇస్తామని ప్రకటించాయి. అప్పుడు కేంద్రం ఏమంది? పింఛను నిధి కింద జమైన పైసలు రాష్ట్రాలకు వాపసు ఇచ్చే వీలు చట్టంలో లేదంది. ఆ చట్టం 2013లో పార్లమెంటు చేసింది. అంటే సెక్రటేరియట్‌లో గెలిచినా తాళంచెవి ఢిల్లీలోనే ఉంది. మీ జాతీయ ఫెడరేషన్ మహాసభకు ఎవరిని పంపుతున్నారో, వాళ్లు అక్కడ నోరు విప్పుతున్నారో లేదో ఎన్నడైనా అడిగారా?

ఇక అసలు అభ్యంతరానికి వద్దాం. ఉద్యమంలో తిరిగినవాళ్ల నోట ఎక్కువగా వినిపించేది ఇదే. "అన్నా, పెత్తనం వద్దని కదా మనం వేరుపడ్డది. మళ్ల ఇంకొకని కిందికి పోవుడెందుకు?" ఈ మాటలో ఆత్మగౌరవం ఉంది, సగం సోయి మాత్రమే ఉంది. మనం కొట్లాడింది మన పేరు, మన ఓటు, మన లెక్క మన చేతిలో ఉండాలని. దేశంలో నుంచి బయటకు పోవాలని కాదు. 2014 తర్వాత జర్నలిస్టుల సంఘంలోనూ అదే జరిగింది. తెలంగాణ సంఘం సొంత పేరుతో, సొంత కార్యవర్గంతో ఐజేయూలో నిలబడింది. ఇంకొకరి జిల్లా శాఖగా కాదు, తానే ఒక రాష్ట్ర సంఘంగా. పెత్తనం అంటే మన తరఫున ఇంకొకడు మాట్లాడడం. ఫెడరేషన్ అంటే మన మాట మనమే పోయి చెప్పడం. పోకుండా ఇంట్ల కూసుంటే మన తరఫున ఇంకొకడు మాట్లాడుతాడు. వద్దనుకున్నది సరిగ్గా అదే కదా!

ఢిల్లీ సంఘాలు మనవి కావనేది కూడా నిజం కాదు. మొదటి ఫెడరేషన్‌కు చలపతిరావు అధ్యక్షుడు. అదే ఫెడరేషన్‌కు ఏండ్లకు ఏండ్లు అధ్యక్షుడిగా ఉన్న, 2025 మే నెలలో లక్నోలో కన్నుమూసిన కె.విక్రమరావు తెలుగు కుటుంబం బిడ్డే, నేషనల్ హెరాల్డ్ తొలి సంపాదకుడు కె.రామారావు కొడుకు. ఐజేయూకు మన కె.శ్రీనివాస్ రెడ్డి అధ్యక్షుడిగా చేశారు. కుర్చీ దొరకలేదని తెలుగు జర్నలిస్టు ఏడవాల్సిన పని లేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల చేతికి మనం ఏ కాగితం ఇచ్చి పంపామన్నదే ప్రశ్న.

మన రాష్ట్ర సంఘాలు ఇన్నేండ్లు ఏ కాగితం పట్టుకుని తిరిగాయి? అక్రెడిటేషన్ కార్డులు, బస్సు పాసులు, ఇండ్ల జాగలు. అవి అక్కరలేదని అనను. కిరాయి ఇంట్ల బతికే రిపోర్టర్‌కు జాగ విలువ నాకు తెలుసు. కానీ అవి ముఖ్యమంత్రి దయ. దయ ఎప్పుడైనా పోతుంది. 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు హైదరాబాద్‌లో ఎమ్మెల్యేలు, ఎంపీలు, అధికారులు, జడ్జీలు, జర్నలిస్టుల హౌసింగ్ సొసైటీలకు చేసిన భూ కేటాయింపులు చెల్లవంది. ఏండ్ల తరబడి కిస్తీలు కట్టుకుని ఆశగా ఎదురుచూసిన జర్నలిస్టు కుటుంబాలు ఒక్క పూటలో రోడ్డు మీద నిలబడ్డాయి. జాగ కోసం ముఖ్యమంత్రి చుట్టూ తిరిగిన అన్నిసార్లు వేజ్ బోర్డు జీతం కోసం లేబర్ కమిషనర్ చుట్టూ తిరిగి ఉంటే, ఆ బకాయిలతోనే కొందరన్నా జాగలు కొనుక్కునేవాళ్లు.

అట్లని జాతీయ సంఘాలను నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. వాటి రోగాలు వాటికి ఉన్నాయి. మూడేండ్లకోసారి ఏదో ఒక ఊళ్లో మహాసభ, గవర్నర్ ప్రారంభోత్సవం, రెండో రోజు గుళ్లు గోపురాలు, మూడో రోజు తీర్మానాలు చదివితే చప్పట్లు. సభ్యత్వ రుసుములో మన వాటా పైకి పోతుంది, పోయినంక దాని లెక్క కిందికి రాదు. ఒకసారి కార్యవర్గంలోకి పోయినాయన పెన్షన్ వయసు దాటినా దిగడు. టీవీ చానళ్లలో, వెబ్‌సైట్లలో పనిచేసే పిల్లలకు ఈ సంఘాల పేర్లు కూడా తెలియవు. ఇవన్నీ నిజమే. బావి పూడిపోయిందని ఊరు వదిలిపోతామా, పూడిక తీస్తామా?

అన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటి. అది ఢిల్లీది కాదు, మనది. మండల రిపోర్టర్. తెలంగాణ ఉద్యమాన్ని పేపర్లో నిలబెట్టింది ఎవరు? హైదరాబాద్ ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లు కాదు. బందులు, వంటావార్పులు, రైల్‌రోకోలు, సకల జనుల సమ్మె 42 రోజులు, ప్రతి వార్తనూ సొంత బండి మీద, సొంత పెట్రోలుతో తిరిగి రాసింది మండల కంట్రిబ్యూటర్లు. వాళ్లకు జీతం లేదు. లైన్ అకౌంట్ అని గీతల లెక్కన ఇచ్చే పైసలు, కొన్నిచోట్ల అవీ లేవు. పైగా యాడ్స్ టార్గెట్. అపాయింట్‌మెంట్ లెటర్ అడిగితే ఐడీ కార్డు మెడలో వేస్తారు. సంస్థ కంట్లో అతను ఉద్యోగి కాడు, "పార్ట్ టైమ్" మనిషి.

ఇప్పుడు పోయిన చట్టంలో ఏం రాసి ఉండెనో చదవండి. ప్రధాన వృత్తి జర్నలిజం అయి, పూర్తి కాలమైనా పార్ట్ టైమ్ అయినా పనిలో ఉన్న మనిషి వర్కింగ్ జర్నలిస్టే. ఆ "పార్ట్ టైమ్" అన్న ఒక్క మాట మన మండల రిపోర్టర్ బతుకు మార్చగలిగేది. ఆ మాట చట్టంలో దశాబ్దాల పాటు ఉంది. ఏ మండలంలో ఎవరికి చెప్పాం? ఏ జిల్లా మహాసభలో చదివి వినిపించాం? జాతీయ మహాసభకు పోయిన మన ప్రతినిధుల్లో మండల కంట్రిబ్యూటర్ ఒక్కడైనా ఉన్నాడా? పట్నంలో జీతం తీసుకునేటోళ్లే ఢిల్లీకి పోతే, ఢిల్లీ ఎజెండాలో పట్నం జీతాల ముచ్చటే ఉంటుంది. వేలమంది మండల రిపోర్టర్లు ఒక్క తెలంగాణలోనే కాదు, తెలుగు పత్రికలు పోయే ప్రతిచోటా ఉన్నారు. హిందీ రాష్ట్రాల్లో వాళ్లను స్ట్రింగర్లు అంటారు. పేరు వేరు, గోస ఒకటే. బీహార్ స్ట్రింగర్, జనగామ కంట్రిబ్యూటర్ ఒకే బల్ల మీద కూర్చునే చోటు జాతీయ సంఘం తప్ప ఇంకోటి ఉందా?

కాబట్టి రాష్ట్రంలో ఉన్న ప్రతి జర్నలిస్టు సంఘాన్ని, అది ఏ వర్గానిదైనా, సభ్యులు నిలదీయాల్సిన సంగతులు ఇవి. మీరు ఏ జాతీయ సంఘానికి అనుబంధం? అనుబంధం లేకుంటే ఎందుకు లేదు? ఉంటే మన సభ్యుల సంఖ్య ఎంత చూపించారు, ఎంత కట్టారు, ఎన్ని ఓట్లు వచ్చాయి? కోడ్ వచ్చినంక వేజ్ బోర్డు స్థానంలో ఏం కావాలని రాతపూర్వకంగా అడిగారు? మూడు జాతీయ సంఘాలు కనీసం వేజ్ బోర్డు పునరుద్ధరణ అనే ఒక్క డిమాండు మీద ఒక్క ఉమ్మడి కమిటీ వేయాలని మన రాష్ట్రం నుంచి తీర్మానం పోయిందా? కేంద్ర కార్మిక సంఘాలు జెండాలు వేరైనా ఒకే రోజు సమ్మెకు దిగుతున్నాయి కదా, జర్నలిస్టులకు ఏమడ్డం?

వచ్చే మహాసభకు ప్రతినిధులను ఎన్నుకునేటప్పుడు ముగ్గురిలో ఒకరు మండల రిపోర్టర్ ఉండాలి. రానుపోను ఖర్చు సంఘమే పెట్టుకోవాలి. అక్కడ ఇంగ్లిష్ రాదని ఆగేది లేదు, తెలుగులో మాట్లాడితే తర్జుమా చేసే మనిషిని ఫెడరేషనే పెట్టాలి. అతను మెడలో ఉన్న ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఇది తప్ప నా దగ్గర ఇంకే కాగితం లేదని చెప్పాలి.